తల్లి ఇంటిపేరు: ఒక నత్తల ప్రాజెక్టు డైరీ

జనవరి 19

తెల్లవారుజామున నాలుగున్నరకే కాకినాడ చేపల రేవుకు చేరాం. రాత్రి వచ్చిన రెండు సోనాబోట్లు సరుకు దించుతున్నాయి. రొయ్యలు ఒక బుట్టలోకి, చందువలు ఇంకో బుట్టలోకి, కనగర్తలు మరో దాంట్లోకి. గట్టు మీద కూర్చుని ఏరే ఆడవాళ్ల చేతుల వేగం చూస్తుంటే నిద్రమత్తు వదిలిపోయింది. మాకు కావలసింది ఆ బుట్టల్లో ఉండదు. అన్నీ ఏరాక అడుగున మిగిలే చెత్తలో ఉంటుంది. వేలెడంత చేపపిల్లలు, కాళ్లు విరిగిన పీతలు, నక్షత్ర చేపలు, వాటి మధ్య నత్తలు. ఎండబెట్టి మేతపిండికి పంపే సరుకు అది.

"ఏం చేసుకుంటారమ్మా వీటిని? ఎంత ఉడికించినా ఇసుకే" అంది ఒకావిడ మా విద్యార్థినితో.

"చదువుకుంటాం పెద్దమ్మా."

"నత్తను చదవడమేమిటి!" అని పక్కావిడకు చెప్పి నవ్వింది. నవ్వుతూనే మా బకెట్లోకి నాలుగు గుప్పిళ్లు తోసింది.

చదవాలనుకున్నది ఇది. లోతు సముద్రపు నత్తలు అక్కడికి ఎలా చేరాయి? ఒడ్డు దగ్గర బతికే నత్తల బంధువులే తరతరాలుగా కిందికి దిగాయా? దిగితే ఒక్కసారే దిగాయా, వేర్వేరు వంశాలు వేర్వేరు కాలాల్లో దిగాయా? ప్రపంచంలో చాలామంది ఈ ప్రశ్నకు మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే, సొంత డీఎన్‌ఏ ఉన్న చిన్న భాగాలు) జన్యువుల్లో జవాబు వెతుకుతున్నారు. వాళ్లకు పరిశోధన నౌకలు, మనుషులు కూర్చుని దిగే జలాంతర్గాములు ఉన్నాయి. మా జంతుశాస్త్ర విభాగంలో ఉన్నవి ఒక సెంట్రిఫ్యూజ్, తలుపు సరిగా పడని ఫ్రిజ్, బీఎస్సీ మూడో సంవత్సరం పిల్లలు ముగ్గురు. అందుకని పని రెండు ముక్కలు చేసుకున్నాం. పై నీళ్లలో దొరికే నత్తలను మేమే రేవులో ఏరి, వాటి జన్యువు చదివిస్తాం. లోతు నత్తల జన్యు అక్షరాలు (డీఎన్‌ఏలో వరుసగా ఉండే ఏ, టీ, జీ, సీలు) జీన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి, వాటిని దించుకుంటాం. రెంటినీ ఒకే వంశవృక్షం మీద పెట్టి చూస్తాం.

ఒక బోటు సారంగును, అంటే బోటు నడిపే పెద్దను, పట్టుకుని ఎంత లోతులో వల లాగారని అడిగాను. "ముప్పై బారలు, ముప్పై అయిదు" అన్నాడు. బార అంటే రెండు చేతులూ చాచిన పొడవు, ఇంచుమించు ఆరడుగులు. ఆయన వలకు చూపు లేదు గాని ఆయనకు ఉంది. ఎక్కడ బురద, ఎక్కడ ఇసుక, ఎక్కడ రాయి అన్నది తాడు లాగే బరువులోనే తెలుస్తుందట. ఫోను నంబరు తీసుకున్నాను. లోతు రాయని నత్త మాకు బీరువాలో పెట్టుకునే గుల్లతో సమానం.

ఫిబ్రవరి 2

పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న: నత్త కణంలో అంత జన్యు సామగ్రి ఉండగా మైటోకాండ్రియాదే ఎందుకు?

ఇంటిపేరుతో చెప్పాను. మన దగ్గర ఇంటిపేరు తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది. మైటోకాండ్రియాది తిరగేసిన లెక్క. అది తల్లి అండంలోంచి వస్తుంది, కూతురి ద్వారానే ముందుకు పోతుంది, కొడుకు దగ్గర ఆగిపోతుంది. తండ్రి వైపు నుంచి వచ్చి కలిసేది దాదాపు ఉండదు కాబట్టి ప్రతి తరంలోనూ పేకముక్కల్లా కలిసిపోదు. అక్షరం తప్పు పడితే ఆ తప్పు అలాగే కిందికి దిగుతుంది. రెండు నత్తల్లో ఒకే తప్పులు కనిపిస్తే ఆ తప్పు చేసిన అమ్మమ్మ ఒకరేనని అనుకోవచ్చు.

ఒక కుర్రాడు "అన్ని జంతువుల్లోనూ అంతేనా సార్?" అన్నాడు. మంచి ప్రశ్న. ఆల్చిప్పల్లో కొన్ని జాతులు ఈ నియమాన్ని ఖాతరు చేయవు. వాటిలో తండ్రి మైటోకాండ్రియా కొడుకులకు వెళుతుంది, తల్లిది అందరికీ వెళుతుంది. అదృష్టం కొద్దీ మా పని నత్తలతో.

రెండో కారణం వంటింటి లెక్క. కణానికి కేంద్రకం ఒక్కటే, మైటోకాండ్రియా వందల్లో ఉంటాయి. చెత్తబుట్టలో రాత్రంతా ఎండిన నత్తలో కూడా ఆ వందల్లో కొన్నయినా చెడకుండా మిగులుతాయి. వలయంలా చుట్టుకున్న ఆ పోగు పొడవు సుమారు 16 వేల అక్షరాలు, దాని మీద జన్యువులు 37. వాటిలో 13 ప్రొటీన్లకు, 22 చిన్న ఆర్‌ఎన్‌ఏలకు, 2 రైబోజోముకు. మేము చదివేది అందులో సీఓఐ అనే ఒక్క జన్యువులో 658 అక్షరాల ముక్క. 1994లో ఫోల్మర్ బృందం ఆ ముక్కకు రెండు వైపులా అతుక్కునే ప్రైమర్లు అనే చిన్న డీఎన్‌ఏ ముక్కలు తయారుచేసింది. వెన్నెముక లేని జీవుల్లో చాలా వాటికి అవి పనిచేస్తాయి. ఆ "చాలా వాటికి" అన్న మాట ముందు ముందు మా కొంప ముంచుతుందని ఈ రోజు తెలియదు.

(ఈ చివరి వాక్యం ఏప్రిల్లో చేర్చాను.)

ఫిబ్రవరి 9

ఆల్కహాలు తిప్పలు. నత్త మాంసం దాచడానికి నీళ్లు కలవని ఆల్కహాలు కావాలి. దానికి అనుమతి కావాలి. అనుమతి కాగితం ఒక బల్ల మీంచి మరో బల్లకు నత్త నడకనే నడుస్తోంది. ఉన్నది అర లీటరు. పాతిక మిల్లీలీటర్ల చొప్పున రేషన్ పెట్టాం.

మా మ్యూజియం గదిలో జాడీల నిండా నత్తలు ఉన్నాయి, పాత మేష్టార్లు చక్కటి చేతిరాతతో పేర్లు రాసి పెట్టినవి. "అవి వాడుకుందాం సార్" అన్నారు పిల్లలు. అవన్నీ ఫార్మలిన్‌లో ఉన్నాయి. ఫార్మలిన్ ఆకారాన్ని బాగానే కాపాడుతుంది గాని డీఎన్‌ఏను ముక్కలు చేసి, ప్రొటీన్లతో కలిపి బిగించేస్తుంది. జాడీ తెరిస్తే వచ్చేది కళ్లమంట ఒక్కటే.

ఇంకో చిక్కు నత్తను గుల్లలోంచి బయటికి రప్పించడం. భయం వేస్తే అది లోపలికి ముడుచుకుని మూత బిగించుకుంటుంది. చచ్చాక కూడా ఆ పట్టు వదలదు. మా అమ్మమ్మ చెరువు నత్తలను వేడినీళ్లలో వేసి పిన్నీసుతో లాగేది. ఆ పద్ధతిలో కూర అవుతుంది గాని డీఎన్‌ఏ పాడవుతుంది. సుత్తితో కొడితే గుల్ల పోతుంది. గుల్ల పోతే రేపు ఎవరైనా "అది ఏ జాతి?" అని అడిగినప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు. 2014లో వచ్చిన ఒక పద్ధతి ఉంది. నత్తను కొద్ది సెకన్లు మైక్రోవేవ్‌లో పెడితే ఒళ్లు గుల్లను పట్టుకున్న కండరం విడిపోతుంది, డీఎన్‌ఏకు పెద్ద నష్టం ఉండదు. మా ఇంట్లో మైక్రోవేవ్ ఉంది. దాన్ని కళాశాలకు ఇవ్వడానికి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయను. ఇప్పుడు అది మా ల్యాబులో ఉంది, ఇంటికి కొత్తది వచ్చింది.

పదిహేను సెకన్లు పెట్టి, బయటికి తీసి, కాలి కండను చిమటాతో పట్టి గుల్ల మలుపు వెంబడే మెల్లగా తిప్పాం. మూడో చుట్టు దగ్గర చిన్న "టప్" శబ్దం. చివరి మలుపులో ఉన్న పచ్చటి కాలేయంతో సహా మొత్తం ఒళ్లు ఒకే ముక్కగా జారి చేతిలోకి వచ్చింది. గుల్లకు గీత కూడా పడలేదు. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. అటెండరు వచ్చి తొంగి చూసి, వాసనకు ముక్కు మూసుకుని వెళ్లిపోయాడు.

మార్చి 1

పోయిన నెలంతా జిగురుతో పోరాటమే.

నత్త అంటేనే జిగురు. ఆ జిగురులోని చక్కెర గొలుసులు డీఎన్‌ఏతో పాటే వచ్చి దాన్ని అంటిపెట్టుకుంటాయి, తర్వాత పీసీఆర్‌లో (కావలసిన డీఎన్‌ఏ ముక్కను లక్షల నకళ్లుగా పెంచే పద్ధతిలో) ఎంజైమును పని చేయనివ్వవు. మామూలు కిట్టుతో చేసిన మొదటి ఆరు ట్యూబుల్లో ఆల్కహాలు పోయగానే గంజి మీద కట్టిన మీగడలా తెల్లటి ముద్ద తేలింది. పిల్లలు "ఇంత డీఎన్‌ఏ!" అని సంబరపడ్డారు. పిపెట్ ముక్కు దించితే తీగలు సాగుతూ పైకి వచ్చింది. అది డీఎన్‌ఏ కాదు, జిగురు.

సీటాబ్ అనే సబ్బులాంటి రసాయనం వాడే పద్ధతికి మారాం. కాలి కండలోంచి బియ్యపు గింజంత ముక్క కోసి, ఉప్పు ఎక్కువగా ఉన్న సీటాబ్ ద్రావణంలో, ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటీనేజ్ కలిపి, అరవై డిగ్రీల నీళ్లలో రాత్రంతా ఉంచాం. పొద్దున క్లోరోఫామ్ పోసి తిప్పితే మూడు పొరలు ఏర్పడ్డాయి. అడుగున క్లోరోఫామ్, మధ్యలో పాలతొరక లాంటి తెల్లటి పొర, పైన తేటనీరు. మధ్య పొరను కదపకుండా పై నీరు మాత్రమే తీయాలి. ఇది పుస్తకంలో ఒక వాక్యం, చేతికి ఒక నెల. మా విద్యార్థిని పిపెట్‌ను ట్యూబు గోడకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తుంది. ఆమె తీసిన నీరు ఎప్పుడూ తేటగానే ఉంటుంది. నేను తీస్తే మబ్బు పడుతుంది. ఇకపై ఆ పని ఆమెదే.

కడుపు భాగం ముట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. రేవులో దొరికే మచ్చల నత్త, బాబిలోనియా, చచ్చిన చేపలను తింటుంది. దాని పేగు కోస్తే దాని భోజనం వంశవృక్షం వస్తుంది.

మార్చి 16

మా కళాశాలలో పీసీఆర్ యంత్రం లేదు. డెల్టాలో ఆ యంత్రానికి కరువు మాత్రం లేదు. రొయ్యల చెరువుల పుణ్యమా అని ఊరూరా ఆక్వా ల్యాబులు ఉన్నాయి. పొద్దున్నే రైతులు ప్లాస్టిక్ కవర్లలో రొయ్య పిల్లలను పట్టుకుని వస్తారు. తెల్లమచ్చ వైరస్ ఉందా, ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి ఉందా అని పరీక్ష చేయించుకుని చెరువులో వదులుతారు. రాత్రి తొమ్మిది తర్వాత యంత్రం ఖాళీ. మా పాత విద్యార్థి ఒకడు అలాంటి ల్యాబులో పని చేస్తున్నాడు. "రండి సార్, కరెంటు ఖర్చే కదా" అన్నాడు.

రాత్రి పదకొండు గంటలకు, డీఎన్‌ఏ ఉంటే గీతగా చూపే జెల్ మీద నీలిరంగు కాంతి వేసి చూశాం. పన్నెండు గళ్లలో మూడింట్లోనే గీత. మిగతావి ఖాళీ. డీఎన్‌ఏను పది రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టమన్నాడు మా వాడు. తక్కువ పోస్తే ఎక్కువ రావడమేమిటని పిల్లలకు నమ్మకం కుదరలేదు. పలచన చేస్తే డీఎన్‌ఏ తగ్గుతుంది, దానితో పాటు జిగురు కూడా తగ్గుతుంది. ఎంజైముకు డీఎన్‌ఏ కొంచెమున్నా చాలు, అడ్డం లేకపోవడం ముఖ్యం. రాత్రి రెండింటికి తొమ్మిది గీతలు. బయట టీ బండి కూడా కట్టేశారు.

తొమ్మిదింటినీ సీక్వెన్సింగుకు, అంటే అక్షరాలు చదివించడానికి, హైదరాబాదు పంపాం.

ఏప్రిల్ 2

ఫలితాలు వచ్చాయి. తొమ్మిదిలో రెండు చదవడానికి వీల్లేదు. ఏడింటిని బ్లాస్ట్‌లో (జీన్‌బ్యాంక్‌లో ఉన్నవాటితో అక్షరాలను పోల్చి చూపే సాధనంలో) వేసి పోల్చాం. నాలుగు నత్తలు. మూడు నత్తలు కావు.

అవి వనామీ రొయ్యలు. నూటికి నూరు పాళ్లు.

2009 నుంచి దేశంలో పెంచుతున్న ఆ పసిఫిక్ రొయ్య డీఎన్‌ఏ ఆ ల్యాబు బల్ల మీద, పిపెట్ల మీద, బహుశా గాలిలో కూడా ఉంది. మా ప్రైమర్లేమో వెన్నెముక లేని ఏ జీవి కనిపించినా అతుక్కునే రకం. జిగురు నిండిన నత్త డీఎన్‌ఏ ఒక వైపు, శుభ్రమైన రొయ్య డీఎన్‌ఏ కణమొకటి మరో వైపు ఉంటే గెలిచేది రొయ్యే.

తప్పు ల్యాబుది కాదు, వాళ్ల పనే రొయ్యలు. తప్పు నాది. ప్రతి సారీ డీఎన్‌ఏ కలపని ఖాళీ ట్యూబు ఒకటి పెట్టాలి. అందులో కూడా గీత వచ్చిందంటే ఎక్కడో మురికి ఉన్నట్టు. పాఠం చెప్పేటప్పుడు ఈ మాట ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఆ రాత్రి ఎంజైము ఖరీదు చూసి, ఒక ట్యూబు మిగులుతుంది కదా అని మానేశాను. పిల్లలు ఆ మాట నాకు గుర్తు చేయలేదు. వాళ్ల మర్యాద నాకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

కొత్త పిపెట్ ముక్కులు, సొంత నీళ్లు. మిశ్రమం మా కళాశాలలోనే కలిపి మూత పెట్టి తీసుకెళ్లడం. యంత్రం మాత్రమే వాళ్లది. మళ్లీ మొదటి నుంచి.

ఏప్రిల్ 15

ఈ రోజు నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు విరామం, 61 రోజులు. రేవులో బోట్లన్నీ ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని నిలబడ్డాయి. సారంగు బాబాయి వలకు ముడులు వేస్తూ కనిపించాడు. కొత్త నమూనాలు ఇక రావు. కోరింగ మడ అడవుల్లో బురద మీద పాకే నత్తలు బోలెడు ఉన్నాయి గాని అది అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా చేయి పెట్టకూడదు. ఉన్న వాటితోనే పని.

ఏప్రిల్ 27

రెండో విడత. పది ట్యూబుల్లో ఎనిమిది నత్తలు, ఖాళీ ట్యూబు నిజంగా ఖాళీ. రొయ్య లేదు!

సాయంత్రం మా విద్యార్థిని ముఖం వేలాడేసుకుని వచ్చింది. "సార్, అన్నీ చెడిపోయినట్టున్నాయి. ప్రొటీనుగా మారిస్తే మధ్యలో నక్షత్రాలు వస్తున్నాయి" అంది. నక్షత్రం అంటే ఆపు గుర్తు, ప్రొటీను అక్కడితో ముగిసిందని. పని చేసే జన్యువు మధ్యలో అది రాకూడదు. వస్తే అది అసలు మైటోకాండ్రియా జన్యువు కాకుండా, ఎప్పుడో కేంద్రకంలోకి జారిపడి తుప్పు పట్టిన నకలు కావచ్చు. ఆమె భయం అదే. అంత దూరం ఆలోచించినందుకు ముచ్చటేసింది.

కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో నక్షత్రం కింద ఏ మూడక్షరాలు ఉన్నాయో చూడమన్నాను. టీజీఏ. తర్వాతిది, టీజీఏ. ఆ తర్వాతిదీ అదే. అప్పుడు నవ్వు వచ్చింది. మన కేంద్రకపు భాషలో టీజీఏ అంటే ఆగు. నత్త మైటోకాండ్రియా యాసలో టీజీఏ అంటే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం, ప్రొటీను గొలుసులో ఒక పూస. ఏటీఏ అంటే ఐసోల్యూసిన్ కాదు, మెథియోనిన్. ఏజీఏ అంటే ఆర్జినిన్ కాదు, సెరీన్. సాఫ్ట్‌వేర్‌లో మామూలు పట్టిక బదులు అయిదో నంబరు పట్టిక ఎంచుకోవాలి. ఎంచుకుంది. నక్షత్రాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. పదే పదే వెనక్కి వెళ్లి పాత పట్టిక పెట్టి, మళ్లీ కొత్తది పెట్టి చూసుకుంది, దీపం స్విచ్చు వేసి తీసి ఆడుకునే పిల్లలాగా.

మే 11

ఎండలు మండిపోతున్నాయి. కరెంటు ఉన్నంతసేపు లోతు నత్తల అక్షరాలు దించుకుంటున్నాం.

ముందుగా ఆల్వినికాంకా. సముద్రం అడుగున వేడినీటి ఊటల దగ్గర బతికే నత్త ఇది. గుల్ల మీద వరుసగా వెంట్రుకలు ఉంటాయి. మొప్పల్లో బ్యాక్టీరియాను పెంచుకుని, అవి గంధక రసాయనాలతో చేసిన తిండితో బతుకుతుంది. ఆల్విన్ అనే జలాంతర్గామి పేరు మీద దానికా పేరు. చాలా కాలం పసిఫిక్‌లోని ఆ నత్తలను హెస్లరై అనే ఒక్క జాతి కింద చూసేవారు. గుల్ల చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి మరి. మైటోకాండ్రియా అక్షరాలు పోల్చినప్పుడు ఆ ఒక్క ముసుగు కింద అనేక జాతులు బయటపడ్డాయి. వాటిలో ఒకదానికి, ముళ్ల జుట్టు పోలికతో, పంక్ సంగీతకారుడు జో స్ట్రమర్ పేరు పెట్టారు. హిందూ మహాసముద్రంలోని బంధువు పేరు మారిసిండికా.

తర్వాత మా పిల్లలకు బాగా నచ్చినది, పొలుసుల కాలి నత్త. 2001లో మధ్య హిందూ మహాసముద్ర శిఖర శ్రేణి మీద, కైరేయి అనే వేడి ఊటల దగ్గర దొరికింది. దాని కాలు చుట్టూ పెంకుల్లా పొలుసులు, వాటి మీద ఇనుము గంధకం కలిసిన పూత. కవచం తొడుక్కున్న సైనికుడిలా ఉంటుంది. 2019లో అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అది ప్రమాదంలో ఉన్న జాతిగా చేరింది, అడుగున గనులు తవ్వితే దాని ఇల్లు పోతుందని.

"మన దగ్గర ఏమీ లేవా సార్?" అని అడిగారు. ఉన్నాయి. మన డెల్టా అంచు దాటి తూర్పుకు వెళితే సముద్రం త్వరగానే లోతెక్కుతుంది. కృష్ణా గోదావరి బేసిన్ అంటే అందరికీ గ్యాస్ గుర్తొస్తుంది. 2006లో జోయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ నౌక వచ్చి అక్కడి అడుగు మట్టిలో మంచులా గడ్డకట్టిన మిథేన్‌ను పైకి తీసింది. తర్వాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు సింధు సాధన నౌకతో వెళ్లి, కిలోమీటరున్నర పైచిలుకు లోతులో మిథేన్ బుసకొట్టే చోట్లను, వాటి చుట్టూ ఎండ ముఖం చూడకుండా రసాయనాల మీద బతికే ఆల్చిప్పలను, పురుగులను కనుగొన్నారు. మ్యాపులో గోదావరి పాయల మీద వేలు పెట్టి, అక్కడి నుంచి కుడి వైపుకు కొంచెం జరిపి చూపించాను. ముగ్గురూ కాసేపు మాట్లాడలేదు. ఒకడు మాత్రం "మా ఊరి నుంచి భద్రాచలం కంటే దగ్గర" అన్నాడు.

జూన్ 8

చెట్టు వచ్చింది. చూడటానికి బాగుంది, నమ్మడానికి లేదు.

రేవు నత్తలు ఎనిమిదీ తమ తమ కుటుంబాల్లోకి చక్కగా చేరాయి. ఆల్వినికాంకా జాతులన్నీ ఒక గుత్తి. అంతవరకు బాగుంది. ఆ కొమ్మలు మొదలు దగ్గర ఎలా కలుస్తాయన్నది మాత్రం గందరగోళం. పొలుసుల కాలి నత్త పోయి మా మచ్చల నత్త పక్కన కూర్చుంది. రెంటికీ దూరపు చుట్టరికం కూడా సరిగా లేదు. ఆ కొమ్మ మీద బూట్‌స్ట్రాప్ అంకె 31. అంటే అక్షరాలను చీట్ల మాదిరిగా మళ్లీ మళ్లీ కలిపి తీసి నూరు సార్లు చెట్టు గీస్తే, ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టినవి ముప్పై ఒకటే.

కారణం పిల్లలే పట్టారు. ప్రొటీను జన్యువు అక్షరాలను మూడేసి చొప్పున చదువుతారు. వాటిలో మూడో అక్షరం మారినా చాలా సార్లు అర్థం మారదు, కాబట్టి అది విచ్చలవిడిగా మారుతుంది. కోట్ల ఏళ్లలో ఒకే చోట ఏ నుంచి జీ, జీ నుంచి మళ్లీ ఏ అయిపోతే, మారినట్టే తెలియదు. అడుగున ఎన్ని పొరల సున్నం ఉందో గోడ రంగు చూసి చెప్పలేనట్టు. దగ్గరి చుట్టాల్ని విడదీయడానికి సీఓఐ పదునైన కత్తి. పాతకాలపు కొమ్మలకు మొద్దు.

అందుకని పద్ధతి మార్చాం. పాత కొమ్మల కోసం జీన్‌బ్యాంక్‌లో ఉన్న పూర్తి మైటోకాండ్రియా వలయాలను తీసుకుని, 13 ప్రొటీన్లనూ అమైనో ఆమ్లాలుగా మార్చి వరుసగా అతికించాం. మూడో అక్షరం గోల చాలావరకు తగ్గింది. జన్యువులు వలయం మీద ఏ వరుసలో కూర్చున్నాయన్నది కూడా కాగితం మీద గీసి పోల్చాం. కొన్ని నత్త కుటుంబాల్లో ఆ వరుస పాతకాలపుదే, కొన్నింటిలో పేకముక్కల్లా తారుమారు. ఇప్పుడు పొలుసుల కాలి నత్త తన పాత వంశం వైపు వెళ్లింది. ఆల్వినికాంకా మాత్రం రేవులో దొరికే నత్తలు చేరిన పెద్ద కొమ్మలోనే, వేరే రెమ్మగా నిలిచింది. అంటే వేడి ఊటల దగ్గర బతకడం ఒక్క వంశం సొత్తు కాదు. వేర్వేరు ఇంటిపేర్ల వాళ్లు వేర్వేరుగా వెళ్లి కాపురం పెట్టారు.

ఎప్పుడు వెళ్లారో కూడా రాద్దామన్నాడు ఒక కుర్రాడు. పది లక్షల ఏళ్లకు ఇంత శాతం మార్పు అనే రెడీమేడ్ లెక్క ఉంది కదా అని. వద్దన్నాను. ఆ లెక్కలు చాలా వరకు పనామా భూసంధి మూసుకుని రెండు సముద్రాలు విడిపోయిన కాలాన్ని, సుమారు 30 లక్షల ఏళ్లను, కొలబద్దగా పెట్టుకుని పై నీళ్ల జీవుల మీద కట్టినవి. చల్లటి లోతులో బతికే నత్తకు ఆ గడియారం అదే వేగంతో నడుస్తుందని ఎవరు పూచీ? శిలాజం ఆధారం లేకుండా మేము అంకె వేస్తే అది జాతకం అవుతుంది. వాడికి కొంచెం కోపం వచ్చింది. రానీ.

ఇంకో మాట కూడా బోర్డు మీద రాసి ఉంచాను. ఇది తల్లి ఇంటిపేరు చెట్టు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలన్న హామీ లేదు, పెళ్లితో ఇంటిపేరు ఇల్లు దాటినట్టు సంకరంతో మైటోకాండ్రియా కూడా జాతి దాటగలదు. కేంద్రకపు జన్యువు ఒకటైనా చదివే దాకా "మైటోకాండ్రియా ప్రకారం" అన్న మాట లేకుండా మా నివేదికలో ఒక్క వాక్యం కూడా ఉండకూడదు.

జులై 20

గోదారికి వరద. ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఎర్రగా తిరుగుతున్నాయి. లంకల్లో కుర్రాళ్లు నాటుపడవలేసుకుని కొట్టుకొచ్చే దుంగలు పట్టుకుంటున్నారు, వంటచెరుకుకు, పాకలకు. పట్టుకోలేనివి పాయల వెంట సముద్రంలోకి పోతాయి. కొన్నాళ్లు తేలి, నీళ్లు తాగి, మునుగుతాయి.

అడుగుకు చేరిన దుంగ అక్కడి జీవులకు పెళ్లి భోజనం. తొలిచే ఆల్చిప్పలు దాన్ని పొడి చేస్తాయి, కుళ్లేటప్పుడు గంధక వాయువు వస్తుంది, దాని మీద బ్యాక్టీరియా, వాటి మీద నత్తలు. 2000లో ఆల్చిప్పల జన్యువుల మీద వచ్చిన ఒక పరిశోధన ఆసక్తికరమైన ప్రశ్న వేసింది. మునిగిన చెక్క మీద, తిమింగలం ఎముకల మీద బతికే చిన్న ఆల్చిప్పలు వేడి ఊటల దగ్గరి పెద్ద ఆల్చిప్పలకు దగ్గరి చుట్టాలని తేలింది. అయితే చెక్కలను మెట్లుగా చేసుకునే అవి కిందికి దిగాయా అని. నత్తల్లో కూడా చెక్క మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దవి, టోపీ ఆకారంలో.

సారంగు బాబాయికి ఫోను చేసి అడిగాను, వలలో దుంగలు పడతాయా అని. "పడకూడదనే మొక్కుకుంటాం మేష్టారూ. దుంగ తగిలితే వల చిరుగుతుంది, ఆ రోజు కూలీ కూడా రాదు" అన్నాడు. ఈసారి పడితే పారేయకుండా ఒక ముక్క తెమ్మన్నాను. అటు వైపు కాసేపు మౌనం. నాకు మతి పోయిందనుకున్నట్టుంది.

ఆగస్టు 24

నిన్న రాత్రి ఫోను. "మీ దుంగ వచ్చింది."

రేవుకు వెళ్లేసరికి బోటు ముందు భాగంలో నల్లటి చెక్క ముక్క, మనిషి తొడంత లావు, రెండడుగుల పొడవు. తొలిచిన బొరియలతో జల్లెడలా ఉంది. వేలితో నొక్కితే నానిన రొట్టెలా దిగింది. కుళ్లిన గుడ్డు వాసన. వల రెండు చోట్ల చిరిగిందని చూపించాడు. ముడులకు అయ్యే నూలు డబ్బు ఇస్తానంటే వద్దన్నాడు, తర్వాత తీసుకున్నాడు.

"ఎన్ని బారలు బాబాయ్?"

"నూట ఇరవై. ఆ పక్కకు ఎప్పుడూ వెళ్లం. కెరటం లాగేసింది."

రెండు వందల మీటర్ల పైమాట. లోతు సముద్రం అక్కడి నుంచే మొదలవుతుందని పుస్తకాల్లో రాసే గీత మీద.

గట్టు మీదే టార్చి వెలుగులో, భూతద్దంతో చూశాం. బెరడు కింది పగులులో నాలుగు తెల్లటి టోపీలు. ఒక్కోటీ నాలుగైదు మిల్లీమీటర్లు. ఏ జాతో, ఏ కుటుంబమో ఇప్పుడే అనను. బెరడును చాకుతో ఎత్తితే ఒకటి మెల్లగా పక్కకు జరిగింది. బతికే ఉంది. మా విద్యార్థిని చిమటా పట్టుకోవడానికి చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, చెయ్యి వణకడం ఆగే దాకా ఆగింది.

చెక్కను గోనెసంచిలో చుట్టి ఆటోలో వేస్తుంటే డ్రైవరు పది నిమిషాలు బేరమాడాడు, వాసనకు వేరే రేటు అన్నాడు. ఇప్పుడు అది ల్యాబు వరండాలో ఉంది. పొయ్యిలోకి పనికొస్తుందా అని అటెండరు అడిగాడు.

చీటీలు పెన్సిలుతో రాశాం, ఆల్కహాలుకు ఇంకు కరుగుతుంది కాబట్టి. తేదీ, రేవు, నూట ఇరవై బారలు, చెక్క మీద, బతికి ఉంది. ఒక్కో గుల్లకు నాలుగు వైపుల నుంచి ఫోటోలు. ఒక్కో కాలి కండలోంచి ఆవగింజలో సగం ముక్క.

ఎల్లుండి రాత్రి ల్యాబులో యంత్రం ఖాళీ ఉందట. ఆరు ట్యూబులు. నాలుగు టోపీలవి, ఒకటి రేవు నత్తది, ఒకటి ఖాళీది.